సామూహిక ఎస్సెమ్మెస్‌లపై బిగుస్తున్న నిబంధనలు: బస్తర్ చర్చీలకు చిక్కుముడి

మొబైల్ ఫోన్లకు ఒకేసారి వందలాది సందేశాలు పంపే విషయంలో టెలికం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2018 నుంచి దశలవారీగా బిగిస్తూ వస్తున్న నిబంధనలు ప్రధానంగా బ్యాంకులను, బీమా కంపెనీలను, స్థిరాస్తి వ్యాపారులను దృష్టిలో ఉంచుకుని రూపొందినవి. అయితే వల వేసినవారు ఏ చేపను ఉద్దేశించారన్నదానితో నిమిత్తం లేకుండా చిన్నాపెద్దా అన్నీ అందులో పడుతుంటాయి. ప్రార్థన వేళల మార్పు, ఉపవాస కూటం, సంఘంలో ఎవరైనా మరణిస్తే ఖననం ఎక్కడ, ఎప్పుడు అన్న కబురు వంటివాటిని సభ్యులకు ఎస్సెమ్మెస్ ద్వారా తెలిపే చర్చీలు కూడా ఈ నిబంధనల పరిధిలోకి వచ్చాయి. నగరాల్లోని పెద్ద చర్చీలకు ఇది ఒక గుమాస్తా వారం రోజుల పని. ఛత్తీస్‌గఢ్‌లోని బస్తర్ వంటి ప్రాంతంలో మాత్రం అంతటితో తేలిపోయే విషయం కాదు.

నిబంధనల పూర్వాపరాలను మొదట పరిశీలించాలి. అవాంఛిత వాణిజ్య కాల్స్‌ను, సందేశాలను అరికట్టేందుకు ట్రాయ్ తొలి నిబంధనావళిని 2007లో జారీ చేసింది. అది ఆశించిన ఫలితాన్నివ్వకపోవడంతో 2010 డిసెంబరులో మరొకటి తెచ్చి, 2011 సెప్టెంబరు 27 నుంచి అమలులో పెట్టింది. ఒక సిమ్ నుంచి రోజుకు 100 ఎస్సెమ్మెస్‌లు మించరాదన్న పరిమితిని అప్పుడే విధించింది. విమర్శలు రాగా కొద్ది వారాల్లోనే దానిని 200కు పెంచింది. వ్యక్తిగత సందేశాలకు ఈ పరిమితి చెల్లదని ఢిల్లీ హైకోర్టు 2012 జూలైలో తీర్పు చెప్పింది. ఆ తర్వాత కూడా రోజుకు 100 దాటితే ఒక్కొక్కదానికి 50 పైసల వంతున వసూలు చేయాలన్న నియమం కొనసాగి, 2020 జూన్‌లో రద్దయింది. అయినప్పటికీ చాలా రీచార్జి పథకాల్లో రోజుకు 100 సందేశాలన్న హద్దు నేటికీ కనిపిస్తుంది. మూడు వందల కుటుంబాలున్న సంఘానికి ఒక పాస్టరు తన సొంత ఫోన్ నుంచి ఒకే రోజు కబురు పెట్టాలంటే ఆ హద్దు వద్దనే ఆగిపోవలసి వస్తుంది.

పొట్టి సందేశం మీద ప్రభుత్వాలకు అనుమానం కొత్తది కాదు. అయోధ్య స్థల వివాదంపై అలహాబాద్ హైకోర్టు తీర్పు వెలువడనున్న సందర్భంలో 2010 సెప్టెంబరులో కేంద్రం దేశమంతటా సామూహిక ఎస్సెమ్మెస్‌లను నిలిపివేసింది. 2012 ఆగస్టులో బెంగళూరు తదితర నగరాల నుంచి ఈశాన్య రాష్ట్రాలవారు వదంతులకు భయపడి స్వస్థలాలకు తరలినప్పుడు రోజుకు ఐదు సందేశాలకు మించి పంపరాదని ఆంక్ష విధించి, తరువాత ఇరవైకి సడలించి, నెలాఖరుకు ఎత్తివేసింది. అవి శాంతిభద్రతల పేరిట విధించిన తాత్కాలిక ఆంక్షలు. 2018 జూలై 19న ట్రాయ్ నోటిఫై చేసిన నిబంధనావళి మాత్రం శాశ్వత వ్యవస్థ. ఈ తేడాను గుర్తించడం అవసరం.

కొత్త వ్యవస్థ తీరు

కంపెనీల కంప్యూటర్ల ద్వారా టోకున సందేశాలు పంపదలచిన ప్రతి సంస్థా ముందుగా ఏదో ఒక టెలికం కంపెనీ వద్ద నమోదు కావాలి. బ్లాక్‌చెయిన్ తరహా ఉమ్మడి చిట్టాలో ఈ నమోదు జరుగుతుంది. వ్యవహారంలో అందరూ దీనిని డీఎల్‌టీ అంటున్నారు. నమోదైన సంస్థను ఆంగ్లంలో ‘ప్రిన్సిపల్ ఎంటిటీ’ అని పిలుస్తారు. ఈ మాటకు తెలుగులో సూటి సమానార్థకం లేదు. వార్తా సంస్థల ప్రతులు తర్జుమా చేసేవారు ఒక్కొక్కరు ఒక్కొక్క మాట వాడుతున్నారు. ఇక్కడ ‘అసలు సందేశకర్త’ అనుకుందాం. పాన్ కార్డు, సంస్థ రిజిస్ట్రేషన్ పత్రం, సంతకానికి అధికారం ఇచ్చిన లేఖ దాఖలు చేయాలి. కొన్ని కంపెనీల వద్ద రుసుము పన్నుతో కలిపి 5,900 రూపాయలు. తరువాత ‘హెడర్’ అనే సంకేతనామం పొందాలి. ఆ పైన పంపదలచిన ప్రతి రకం సందేశానికీ నమూనా పాఠాన్ని, అనగా టెంప్లేట్‌ను, ముందుగా ఆమోదింపజేసుకోవాలి. ఆమోదిత నమూనాతో సరిపోలని సందేశం గ్రహీతకు చేరదు, దారిలోనే నిలిచిపోతుంది.

ఇది ఎంత పెద్ద జల్లెడో 2021 మార్చి 8న దేశం చవిచూసింది. ఆ రోజు సరిపోల్చే ప్రక్రియను పూర్తిగా అమలులో పెట్టడంతో బ్యాంకుల ఓటీపీలు సైతం ఆగిపోయి లావాదేవీలు స్తంభించాయి. మరుసటి రోజే ట్రాయ్ ఆ ప్రక్రియను వారం రోజులపాటు వాయిదా వేయవలసి వచ్చింది. కంప్యూటర్ విభాగాలున్న బ్యాంకులకే అంత ఇబ్బంది ఎదురైతే, సైక్లోస్టైల్ యంత్రం తర్వాత నేరుగా మొబైల్ ఫోన్‌కు వచ్చిన చిన్న చర్చి సంగతి ఊహించవచ్చు.

తరువాతి సంవత్సరాల్లో మెలికలు పెరిగాయి. నమూనాలో ఖాళీలు, అంటే సందర్భాన్ని బట్టి పూరించే చోట్లు, సాధారణంగా మూడుకు మించరాదని, సందేశంలో కనీసం 30 శాతం మార్పులేని పాఠం ఉండాలని 2023లో ఆదేశాలు వచ్చాయి. సందేశంలోని వెబ్ లంకెలను ముందుగా నమోదు చేయించని పక్షంలో 2024 అక్టోబరు 1 నుంచి ఆ సందేశాలు నిలిచిపోతున్నాయి. సందేశం ఎవరి నుంచి బయలుదేరి ఏయే మధ్యవర్తుల ద్వారా వచ్చిందో ఆద్యంతం గుర్తించే ఏర్పాటు 2024 డిసెంబరు 11 నుంచి తప్పనిసరి అయింది. 2025 నవంబరులో ఖాళీల్లో ఏ రకం సమాచారం వస్తుందో, అంకెలా, లంకెలా, ఫోన్ నంబరా అన్నది కూడా ముందే గుర్తుపెట్టాలని ట్రాయ్ ఆదేశించింది.

ఒక మరణవార్త పాఠాన్ని తీసుకుంటే విషయం బోధపడుతుంది. మరణించినవారి పేరు, గ్రామం, ఖననం జరిగే స్థలం, సమయం కలిపి నాలుగు ఖాళీలు. మూడు దాటినందుకు కారణం చూపి ప్రత్యేకంగా ఆమోదం పొందాలి. కారణం సమంజసమేనని కంపెనీ ప్రతినిధి భావిస్తే సరే, లేనిపక్షంలో గ్రామాన్నీ స్థలాన్నీ ఒకే ఖాళీలో ఇరికించాలి. మృతదేహాన్ని ఇంటిముందు ఉంచుకుని ఈ మార్పులు చేయించుకోవడం ఎవరికీ సాధ్యం కాదు.

లిపి లెక్క మరొక చిక్కు. ఆంగ్ల అక్షరాలతో ఒక ఎస్సెమ్మెస్‌కు 160 వర్ణాలు పడతాయి. తెలుగులోగానీ దేవనాగరిలోగానీ 70 మాత్రమే. అది దాటి రెండు ముక్కలైతే ఒక్కొక్క ముక్కకు 67. గుణింతాలు, వత్తులు, పొల్లులు విడివిడిగా లెక్కకు వస్తాయి. ‘ప్రార్థన’ అన్న మాట కంటికి మూడక్షరాలు, యంత్రం లెక్కలో ఎనిమిది. కనుక హల్బీ, గోండి మాటలను దేవనాగరిలో రాసి పంపే సంఘానికి ఒక కబురు రెండు మూడు సందేశాల ఖరీదుకు తేలుతుంది. ఖరీదు పైసల్లోనే అయినా కానుకల పెట్టె కూడా పైసల్లోనే నిండే ఊళ్లున్నాయి.

ఏ గాటన కట్టాలి?

చర్చి కబురు వాణిజ్య సందేశమేనా అన్నది అసలు ప్రశ్న. వస్తువులను, సేవలను, వ్యాపార లేదా పెట్టుబడి అవకాశాలను గురించి తెలపడం, ప్రచారం చేయడం ప్రధానోద్దేశంగా గల సందేశమే వాణిజ్య సందేశమని ట్రాయ్ నిర్వచనం సారాంశం. 2023 టెలికం చట్టంలోని 28వ సెక్షన్ సైతం వస్తువులు, సేవలు, ఆస్తిలో హక్కు, వ్యాపారం, ఉద్యోగం, పెట్టుబడి అనే అంశాలనే పేర్కొంటుంది. మతం ప్రసక్తి రెండింటిలోనూ లేదు. వినియోగదారులు వద్దనుకునే లేదా కావాలనుకునే ప్రచార సందేశాలను ట్రాయ్ ఎనిమిది వర్గాలుగా విభజించింది. బ్యాంకింగ్-బీమా, స్థిరాస్తి, విద్య, ఆరోగ్యం, వినియోగ వస్తువులు-వాహనాలు, సమాచార వినోద రంగాలు, పర్యాటకం, ఆహార పానీయాలు అన్నవే ఆ ఎనిమిది. ప్రార్థన ఇందులో దేనికిందికి వస్తుందో తెలుసుకోవాలంటే వేదాంతులను సంప్రదించాలేమో.

నిర్వచనం ప్రకారం వాణిజ్యం కాకపోయినా, టోకు మార్గంలో పంపాలంటే హెడర్, నమూనా ఉండాల్సిందే. నమోదు లేకుండా మామూలు సిమ్ నుంచి పంపితే ఫిర్యాదులకు గురయ్యే అవకాశముంది. బస్తర్ విషయంలో ఆందోళన కలిగించే అంశం ఇదే. 2025 ఫిబ్రవరి 12న చేసిన సవరణల ప్రకారం, అవాంఛిత సందేశం వచ్చిన ఏడు రోజుల్లోగా గ్రహీత ఫిర్యాదు చేయవచ్చు. అంతకుముందు ఈ గడువు మూడు రోజులే. ‘డు నాట్ డిస్టర్బ్’ జాబితాలో ఫిర్యాదుదారు పేరు ఉండవలసిన అవసరమూ తొలగింది. గతంలో ఏడు రోజుల్లో పది ఫిర్యాదులు వస్తే చర్య తీసుకునేవారు. ఇప్పుడు పది రోజుల్లో ఐదు చాలు. కంపెనీ చర్య తీసుకోవలసిన వ్యవధి 30 రోజుల నుంచి ఐదుకు తగ్గింది. మొదటి తప్పుకు ఆ పంపినవారి కనెక్షన్ల నుంచి అవుట్‌గోయింగ్ సౌకర్యం 15 రోజులపాటు నిలిచిపోతుంది. మళ్లీ జరిగితే అన్ని కంపెనీల వద్దా ఏడాదిపాటు కనెక్షన్లు రద్దవుతాయి.

రుణ యాప్‌ల వారినీ, నకిలీ కస్టమర్ కేర్ ముఠాలనూ కట్టడి చేయడానికి ఇంత కఠినత్వం అవసరమేనని ఒప్పుకోవలసిందే. అయితే ఐదుగురు అనే సంఖ్యకు ఢిల్లీలో ఒక అర్థం, రెండు వర్గాలుగా చీలిపోయిన యాభై గడపల ఊరిలో మరొక అర్థం. సందేశం వాణిజ్యమా కాదా అన్నది కంపెనీ విచారించవచ్చు, పంపినవారు సంజాయిషీ చెప్పుకోవచ్చు. కానీ అంతవరకు ఫోన్ మూగబోతే నష్టపోయేది ఒక్క ప్రార్థన కబురు కాదు. అదే ఫోన్ నుంచి అంబులెన్సుకు, పోలీసులకు, బంధువులకు కాల్ వెళ్లాలి.

బస్తర్ నేపథ్యం

బస్తర్ డివిజన్‌లో బస్తర్, దంతెవాడ, బీజాపూర్, సుక్మా, కొండగావ్, నారాయణ్‌పూర్, కాంకేర్ అనే ఏడు జిల్లాలున్నాయి. 2011 జనాభా లెక్కల ప్రకారం ఛత్తీస్‌గఢ్ మొత్తం మీద క్రైస్తవులు 1.92 శాతం. జగదల్‌పూర్ కేంద్రంగా 1972లో సీరో-మలబార్ కాథలిక్కుల ఎక్సార్కేట్ ఏర్పడి, 1977లో పూర్తి స్థాయి డయాసిస్ అయింది. అదే పట్టణంలోని మెథడిస్టు చర్చి చందయ్య పేరిట ఉన్నది. పేరును బట్టే తెలుగునాటితో సంబంధం స్ఫురిస్తుంది. ఇలాంటి పాత సంస్థలకు రిజిస్ట్రేషన్, పాన్, ఆడిటరు అన్నీ ఉంటాయి. ఇళ్లలోనూ రేకుల షెడ్లలోనూ కూడే స్వతంత్ర సంఘాలకు అవి ఉండకపోవచ్చు. రాష్ట్రంలో అమలులో ఉన్న 1973 నాటి సొసైటీల చట్టం కింద నమోదైతే తప్ప డీఎల్‌టీ గడప తొక్కలేరు.

నమోదు కావడమంటే బయటపడడం కూడా. ఏ హెడర్ ఎవరిదో ఎవరైనా వెతికి తెలుసుకునే సౌకర్యాన్ని ట్రాయ్ కల్పించింది. మోసాల నుంచి వినియోగదారుకు రక్షణగా ఇది మంచి ఏర్పాటు. 2022 డిసెంబరులో నారాయణ్‌పూర్, కొండగావ్ జిల్లాల గ్రామాల నుంచి వందలాది ఆదివాసీ క్రైస్తవులు దాడులకు భయపడి తరలివచ్చి, నారాయణ్‌పూర్ ఇండోర్ స్టేడియంలో తలదాచుకున్నారు. 2023 జనవరి 2న అదే పట్టణంలో ఒక పాఠశాల ఆవరణలోని చర్చిపై గుంపు దాడి చేసింది, అడ్డుకోబోయిన జిల్లా పోలీసు సూపరింటెండెంట్ గాయపడ్డారు. అటువంటి చోట సంఘం పేరు, సంతకందారు పేరు, సభ్యుల ఫోన్ నంబర్ల పట్టిక అనేవి కేవలం కార్యాలయ కాగితాలుగా మిగిలిపోవు. చర్చి ఎస్సెమ్మెస్ జాబితాలో నంబరు ఉన్నదంటే ఆ మనిషి మతమేమిటో చెప్పినట్టే. వ్యక్తిగత డిజిటల్ డేటా రక్షణ చట్టం 2023లో వచ్చింది, దాని నియమావళి 2025 నవంబరులో వెలువడింది, ముఖ్యమైన బాధ్యతలు అమలుకు రావడానికి 18 నెలల గడువు ఇచ్చారు. మత సమాచారానికి ఆ చట్టంలో ప్రత్యేక శ్రేణి ఏదీ లేదు.

మరణవార్తను ముందుగా ఉదాహరించడానికి కారణముంది. బస్తర్ జిల్లా దర్భా బ్లాకులోని ఛిందవాడ గ్రామానికి చెందిన ఒక పాస్టరు 2025 జనవరి 7న మరణించారు. గ్రామంలో ఖననానికి అభ్యంతరాలు రావడంతో మృతదేహం జగదల్‌పూర్ శవాగారంలో ఉండిపోయింది. వివాదం హైకోర్టు మీదుగా సుప్రీంకోర్టుకు చేరింది. జనవరి 27న న్యాయమూర్తులు బి.వి.నాగరత్న, సతీష్‌చంద్ర శర్మ భిన్నాభిప్రాయాలతో తీర్పులిచ్చారు. సొంత పొలంలో ఖననానికి అనుమతించవచ్చునని ఒకరు, నిర్దేశిత శ్మశానంలోనే జరగాలని మరొకరు అభిప్రాయపడ్డారు. చివరకు సుమారు 20 కిలోమీటర్ల దూరంలోని కర్కపాల్‌లో ఖననం చేయాలని ఆదేశించారు. ఖననస్థలం చివరి గంట వరకూ తేలని చోట, ‘స్థలం’ అన్న ఖాళీని ముందే ఆమోదింపజేసుకోవాలనడం ఎలాంటిదో చెప్పనక్కరలేదు.

గ్రామాల్లో ప్రవేశం సంగతి కూడా కోర్టులకెక్కింది. సిరిస్‌గూడ తదితర గ్రామసభలు 2014లో హిందూయేతర మత ప్రచారాన్ని నిషేధిస్తూ తీర్మానాలు చేశాయి. అవి రాజ్యాంగంలోని 25వ అధికరణంలోని హక్కును హరించలేవని 2015లో ఛత్తీస్‌గఢ్ హైకోర్టు అభిప్రాయపడింది. కాగా, కాంకేర్ జిల్లా గ్రామాల్లో పాస్టర్ల ప్రవేశాన్ని నిషేధిస్తూ వెలసిన బోర్డులు బలవంతపు, ప్రలోభపూరిత మతమార్పిడులను నివారించే ముందుజాగ్రత్తగా పెట్టినవైతే వాటిని రాజ్యాంగ విరుద్ధమనలేమని 2025 అక్టోబరులో అదే హైకోర్టు పేర్కొన్నది. మనిషి ఊరిలోకి వెళ్లడానికే ఆటంకాలున్నప్పుడు సందేశానికి ప్రాముఖ్యం పెరుగుతుంది. అదే సమయంలో ప్రమాదమూ పెరుగుతుంది. 1968 నాటి మధ్యప్రదేశ్ మతస్వేచ్ఛ చట్టం 2000లో కొత్త రాష్ట్రానికి సంక్రమించింది. ప్రలోభంతో మతమార్పిడి దాని దృష్టిలో నేరం. సభ్యులకు పంపిన ‘స్వస్థత కూటం’ కబురు సభ్యుడు కాని వ్యక్తి ఫోన్‌లో కనిపిస్తే, అది ఫిర్యాదుకు జతచేసే కాగితంగా మారవచ్చు. డిజిటల్ మాధ్యమాల ద్వారా జరిగే ప్రచారాన్నీ చేరుస్తూ ఉత్తరాఖండ్ శాసనసభ 2025 ఆగస్టులో సవరణ బిల్లును ఆమోదించడం గమనార్హం.

వాట్సాప్ ఉండగా ఎస్సెమ్మెస్ ఎందుకన్న సందేహం రావచ్చు. తీవ్రవాద ప్రభావిత ప్రాంతాల్లో బీఎస్ఎన్ఎల్ మొదటి దశ కింద వెలసిన 2,343 టవర్లు 2జీవి. వాటిని 4జీకి మార్చేందుకు కేంద్ర మంత్రివర్గం 2022 ఏప్రిల్‌లో 2,426 కోట్ల రూపాయలు మంజూరు చేసింది. 2జీ మీద ఎస్సెమ్మెస్ చేరుతుంది, వాట్సాప్ ఈడ్చుకుంటూ వస్తుంది. పైగా బటన్ ఫోన్ ఉన్న ముసలివారికి వాట్సాప్ ప్రసక్తే లేదు. వాట్సాప్ ప్రసార జాబితాకు 256 మంది పరిమితి ఉంది, అందులోనూ పంపినవారి నంబరును తమ ఫోన్‌లో భద్రపరచుకున్నవారికే అది అందుతుంది.

తెలుగు సరిహద్దు

సుక్మా జిల్లా కోంటా, బీజాపూర్ జిల్లా భోపాలపట్నం ప్రాంతాల్లో దోర్లాలు మాట్లాడే మాటలో తెలుగు పాలు తక్కువేమీ కాదు. మిరప కోతల కాలంలో ఈ ప్రాంతం కూలీలు ములుగు, భద్రాద్రి, ఖమ్మం జిల్లాలకు వలస వస్తారు. లైసెన్సుల లెక్కలో ఛత్తీస్‌గఢ్ మొత్తం మధ్యప్రదేశ్ టెలికం సర్కిల్‌లో ఉన్నది. శబరి దాటితే ఆంధ్రప్రదేశ్ సర్కిల్, తెలంగాణ కూడా అందులోనే. మిరప తోటలో ఉన్న కూలీకి సొంత ఊరి నుంచి వచ్చే కబురుకు సర్కిల్ అడ్డం కాదు. కానీ హిందీలో ఆమోదించిన నమూనా తెలుగుకు పనికిరాదు. తెలుగు పాఠానికి మరొక నమూనా, దోర్లీ మాటలకు ఇంకొకటి కావాలి. రెండు మూడు భాషల్లో సాగే సరిహద్దు జీవితానికి ఈ చట్రం తగినట్టుగా లేదు.

అమెరికాలో తెలుగువారి చర్చీలకు ఇటువంటి అనుభవమే కొద్దిపాటి తేడాతో ఎదురైంది. అక్కడి మొబైల్ కంపెనీలు పదంకెల మామూలు నంబర్ల నుంచి సాఫ్ట్‌వేర్ ద్వారా పంపే సందేశాలకు నమోదును తప్పనిసరి చేసి, 2023 ఆగస్టు 31 తర్వాత నమోదు కానివాటిని అడ్డగించసాగాయి. అయితే పన్ను మినహాయింపు గల ధార్మిక సంస్థలకు అక్కడ ప్రత్యేక శ్రేణి ఉన్నది. నిషిద్ధాల జాబితాలో అశ్లీలం, విద్వేషం, మద్యం, ఆయుధాలు, పొగాకు ఉన్నాయిగాని ప్రార్థన లేదు. పాస్టర్ల పేరిట గిఫ్ట్ కార్డులు అడుగుతూ మోసగాళ్లు సందేశాలు పంపుతున్నారని 2019లో అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ హెచ్చరించవలసి వచ్చింది. కాబట్టి నమోదు వల్ల చర్చికీ మేలు లేకపోలేదు. మన దేశంలోనూ ధార్మిక, స్వచ్ఛంద సంస్థలకు ప్రత్యేక శ్రేణి కల్పించి, రుసుము తగ్గించి, మరణవార్తల వంటి వాటికి అన్ని మతాలవారూ వాడుకోదగిన ఉమ్మడి నమూనాలను ప్రాంతీయ భాషల్లో ముందుగానే ఆమోదించి ఉంచడానికి సాంకేతికంగా ఎట్టి ఆటంకమూ లేదు. గుడి కమిటీకీ, దర్గా కమిటీకీ కూడా అది ఉపకరిస్తుంది.

ఫిర్యాదుల విషయంలో కంపెనీలు ఐదు రోజుల్లో చర్య ముగించాలన్న నిబంధనను పాటించే తొందరలో సందేశ స్వభావాన్ని ఎంతమేరకు పరిశీలిస్తాయన్నది కీలకం. వాణిజ్యేతర సందేశమని తేలేవరకు కనీసం వాయిస్ కాల్స్‌ను నిలపకుండా ఉంచే వెసులుబాటును ట్రాయ్ స్పష్టంగా ప్రకటిస్తే, నారాయణ్‌పూర్ వంటి చోట్ల ఒక ఫోన్‌పై ఆధారపడిన సంఘాలకు ఊరట లభిస్తుంది. అంతవరకు అక్కడి చిన్న చర్చీలకు పాత పద్ధతే శరణ్యంగా కనిపిస్తోంది. ఒకరు పదిమందికి ఫోన్ చేయడం, ఆ పదిమంది మరో పదిమందికి చెప్పడం, టవరు లేని ఊరికి సైకిల్ మీద కుర్రవాణ్ని పంపడం.